క్వారంటైన్ కేంద్రం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ లీకవుతుంది

2020 మే నెలలో విదేశం నుంచి మెల్‌బోర్న్ చేరుకున్న ఒక కుటుంబానికి కరోనా పాజిటివ్ రావడంతో, వారిని నగరం నడిబొడ్డున ఉన్న ఒక హోటల్‌కు మార్చారు. వైరస్ సోకిన ప్రయాణికుల కోసమే ప్రభుత్వం ఆ హోటల్‌ను ప్రత్యేకంగా కేటాయించింది. తలుపుల బయట కాపలా ఉంది. అక్కడి నుంచి ఎవరూ పారిపోలేదు. అయినా ఆ నెలాఖరుకే హోటల్ ఉద్యోగికీ, సెక్యూరిటీ గార్డులకూ వైరస్ సోకింది. వారి నుంచి వారి ఇళ్లకు, అక్కడి నుంచి శివారు కాలనీలకు, చివరకు వృద్ధాశ్రమాలకు పాకింది. తర్వాతి నెలల్లో విక్టోరియా రాష్ట్రంలో 18 వేలకు పైగా కేసులు, 768 మరణాలు నమోదయ్యాయి. మెల్‌బోర్న్ నగరం 112 రోజులు లాక్‌డౌన్‌లో ఉండిపోయింది. వైరస్ జన్యుక్రమాన్ని పోల్చి చూసిన శాస్త్రవేత్తలు ఆ రెండో వేవ్‌లో దాదాపు అంతటికీ మూలం క్వారంటైన్ కోసం వాడిన రెండు హోటళ్లేనని తేల్చారు.

వ్యాధిని ఆపడానికి పెట్టిన కేంద్రం నుంచే వ్యాధి ఊరిమీద పడిన ఈ ఉదంతాన్ని చూపించి, క్వారంటైన్ అనే పద్ధతే పనికిరాదని వాదించడం తేలిక. కానీ అదే దేశంలో, అదే వైరస్‌తో, వేలాది ప్రయాణికులను ఉంచి కూడా వైరస్‌ను బయటికి పోనివ్వని కేంద్రం మరొకటి ఉండేది. రెండుచోట్లా అమలైన నియమం ఒకటే, గడువు ఆ 14 రోజులే. తేడా కట్టడంలో ఉంది, గాలి కదిలే తీరులో ఉంది, అక్కడ పనిచేసేవారి జీతభత్యాల్లో ఉంది, లోపల ఉన్నవారిని చూసుకునే పద్ధతిలో ఉంది. క్వారంటైన్‌ను ఒక ఉత్తర్వుగా చూసిన ప్రభుత్వాలు దెబ్బతిన్నాయి. ఒక స్థలంగా, ఒక పనిగా చూసి దాన్ని శ్రద్ధగా నిర్వహించినవారు చాలావరకు నెగ్గారు.

ఈ స్థలం గురించిన ఆలోచన పాతదే. ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా, అంటే నేటి డుబ్రోవ్నిక్ నగరం, ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారు ముందుగా 30 రోజులు నగరం వెలుపల గడపాలని 1377లోనే శాసనం చేసింది. వెనిస్ 1423లో ఒక దీవిలో ప్లేగు రోగుల కోసం ఆసుపత్రి కట్టింది. 1468లో మరో దీవిని ఎంచుకుని, జబ్బు లక్షణాలు లేకపోయినా అనుమానించదగిన ఓడలనూ, సరుకునూ, మనుషులనూ అక్కడ ఆపడం మొదలుపెట్టింది. రోగులకు ఒక దీవి, అనుమానితులకు మరో దీవి. సూక్ష్మక్రిములంటే ఏమిటో తెలియని కాలంలో ఆ నగర పాలకులు గీసిన ఈ గీత నేటికీ ప్రజారోగ్యశాస్త్రానికి ఆధారం. జబ్బు తేలినవారిని వేరుచేయడం ఐసొలేషన్. సోకి ఉండవచ్చని భావించేవారిని, తేలేవరకూ, ఇతరులకు దూరంగా ఉంచడం క్వారంటైన్. ఈ రెండింటినీ ఒకే కప్పు కింద కలిపేస్తే, వైరస్ లేకుండా లోపలికి వెళ్లినవారు దాన్ని అంటించుకుని బయటికి వస్తారు. 2020లో మన దగ్గర చాలా కేంద్రాల్లో జనం భయపడింది సరిగ్గా ఇందుకే, ఆ భయంలో తప్పేమీ లేదు.

క్వారంటైన్ ఏ జబ్బుకు అవసరం, దేనికి అనవసరం అన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: మనిషి ఇతరులకు జబ్బు అంటించడం తనలో లక్షణాలు కనిపించకముందే మొదలవుతుందా, కనిపించాకనా? ఎబోలాలో లక్షణాలు మొదలయ్యాకే అంటుతుంది. 2003 నాటి సార్స్‌లో రోగి జబ్బుపడి వారం గడిచాక వైరస్ తీవ్రత పెరిగేది. అందువల్ల అలాంటి జబ్బుల్లో కాంటాక్టులను, అంటే రోగిని దగ్గరగా కలిసినవారిని, రోజూ పలకరించి, జ్వరం రాగానే ఆసుపత్రికి చేర్చగలిగితే, ఆరోగ్యంగా ఉన్న వేలమందిని నిర్బంధించకుండానే వ్యాప్తిని ఆపే వీలుంది. సార్స్ 8,098 మందికి సోకి 774 మందిని బలితీసుకున్నాక, టీకా లేకుండానే ఆగిపోవడానికి ఈ లక్షణం చాలా తోడ్పడింది. కరోనా దీనికి విరుద్ధం. లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందే అది ఇతరులకు అంటుకునేది. కొందరిలో అసలు లక్షణాలే ఉండేవి కావు. విమానాశ్రయంలో నుదుటిమీద థర్మామీటర్ పెట్టి చూసే తనిఖీ కరోనాను ఆపలేకపోవడానికి కారణం ఇదే. జ్వరం లేని మనిషిని కూడా కొన్నాళ్లు ఆపితే తప్ప ఆ గొలుసు తెగదు.

ఎన్నాళ్లు అన్నది పొదిగే కాలాన్ని, అంటే వైరస్ సోకాక లక్షణాలు కనిపించేదాకా పట్టే సమయాన్ని, బట్టి నిర్ణయమవుతుంది. తొలినాటి కరోనా రకానికి సగటున అయిదారు రోజులు, గరిష్ఠంగా 14 రోజులు పట్టేది కాబట్టి 14 అన్న అంకె వచ్చింది. ఎబోలాకు అది 21 రోజులు. ఇక్కడే కేంద్రాల నిర్వాహకులు తరచుగా మరిచిపోయే లెక్క ఒకటి ఉంది. 14 రోజుల గడువు మనిషి కేంద్రంలోకి వచ్చిన తేదీ నుంచి కాకుండా, అతను చివరిసారి వైరస్‌కు ఎదురైన తేదీ నుంచి మొదలవుతుంది. ఒక హాలులో 20 మంచాలు వేసి, వచ్చినవారిని వచ్చినట్టు చేర్చుకుంటూ పోతే, పదో రోజున అందులో ఒకరు పాజిటివ్ అయితే మిగిలిన 19 మందికీ గడువు మళ్లీ మొదటికి వస్తుంది. కొత్తగా నిన్న చేరినవారికీ అంతే. అలా కాకుండా, ఒకే రోజు వచ్చినవారిని చిన్న చిన్న గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఆ గుంపు విడి మరుగుదొడ్డి, విడి భోజనం ఏర్పాటు చేస్తే, నష్టం ఆ గుంపు దగ్గరే ఆగుతుంది. 2020 ఫిబ్రవరి తొలి రోజుల్లో వూహాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో తెచ్చిన 647 మంది భారతీయుల్లో శిక్షణకు వెళ్లిన తెలుగు ఇంజనీర్లూ ఉన్నారు. ఆ 647 మందిలో కొందరి కోసం హరియాణాలోని మానేసర్‌లో సైన్యం నడిపిన శిబిరం ఈ పద్ధతినే పాటించింది. బ్యారక్‌లను సెక్టార్లుగా విభజించి, ఒక సెక్టార్‌లోనివారు మరో సెక్టార్‌లోనివారిని కలవకుండా చూశారు.

అదే నెలలో జపాన్‌లోని యోకొహామా రేవులో దీనికి పూర్తి వ్యతిరేకమైన దృశ్యం కనిపించింది. డైమండ్ ప్రిన్సెస్ నౌకలోని 3,711 మందిని ఓడలోనే ఉంచి క్వారంటైన్ ప్రకటించారు. ప్రయాణికులు గదులకే పరిమితమయ్యారు. వారికి భోజనం వండి, గది గదికీ మోసుకెళ్లే సిబ్బంది మాత్రం ఇరుకు గదుల్లో కలిసి పడుకుంటూ, కలిసి తింటూ పనిచేశారు. అంటే క్వారంటైన్ ప్రయాణికులకు వర్తించింది, వారిని బతికిస్తున్న పనివారికి వర్తించలేదు. చివరకు ఆ ఓడలో 712 మందికి వైరస్ సోకినట్టు తేలింది. వారిలో చాలామందికి క్వారంటైన్ ప్రకటనకు ముందే సోకిందన్నది నిజమే అయినా, ఆ తర్వాత సిబ్బందిలో సాగిన వ్యాప్తికి మాత్రం ఈ ఏర్పాటే కారణం.

ఒంటరి గదులు ఇస్తే సరిపోతుందా అంటే, హోటళ్ల అనుభవం సరిపోదనే చెబుతోంది. 2020 సెప్టెంబరులో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఒక క్వారంటైన్ హోటల్ నుంచి నెగెటివ్ రిపోర్టుతో ఇంటికి వెళ్లిన వ్యక్తికి తర్వాత పాజిటివ్ వచ్చింది. జన్యుక్రమం పక్క గదిలోని ప్రయాణికులతో సరిపోయింది. వారు ఎన్నడూ ఎదురుపడలేదు. మొదట అందరూ తాకే చెత్తబుట్ట మూత మీద అనుమానం వచ్చింది. తర్వాత సీసీటీవీ దృశ్యాలను పరిశీలిస్తే, పరీక్ష కోసం ముక్కు నుంచి నమూనా ఇవ్వడానికి ఇరు గదులవారూ ఒకరి తర్వాత ఒకరు తలుపు తీశారనీ, ఆ రెండు తలుపుల మధ్య వ్యవధి నిమిషం కూడా లేదనీ తేలింది. గాలి ఆడని మూసిన నడవాలో, మొదటి గది నుంచి వచ్చిన తుంపరలు రెండో తలుపు తెరుచుకునేదాకా గాలిలోనే నిలిచి ఉన్నాయి. 2021 నవంబరులో హాంకాంగ్‌లో ఒమిక్రాన్ ఎదురెదురు గదుల మధ్య ఇలాగే దాటింది. అక్కడా ఇద్దరూ గది విడిచి బయటికి రాలేదు. భోజనం అందుకోవడానికి తలుపు తీశారంతే.

హోటల్‌ను కట్టేవాడి దృష్టిలో నడవా ఖర్చు తగ్గించే ఏర్పాటు. రెండు వరుసల గదులకు ఒకే దారి, కిటికీలు తెరవనక్కరలేని ఏసీ, అందరికీ ఒకే లిఫ్టు. గాలి ద్వారా పాకే జబ్బుకు ఇంతకంటే అనువైన కట్టడం మరొకటి ఉండదు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్ నగరానికి దగ్గరలో ఉన్న హొవార్డ్ స్ప్రింగ్స్ కేంద్రం సరిగ్గా ఈ విషయంలోనే వేరు. అది సహజవాయువు ప్రాజెక్టు కార్మికుల కోసం కట్టిన నివాస సముదాయం. ఒంటి అంతస్తు గదులు, ప్రతి గదికీ నేరుగా ఆరుబయటికి తెరుచుకునే తలుపు, ఎవరి ఏసీ వారిది, ముందు చిన్న వరండా. పక్కవారు తలుపు తీసినా ఆ గాలి ఆకాశంలో కలిసిపోతుంది. సెక్యూరిటీ కాంట్రాక్టర్లకు వదిలేయకుండా, విపత్తుల్లో పనిచేసే వైద్య బృందం అక్కడి అంటువ్యాధి నియంత్రణను చూసుకుంది. వరండాలో కూర్చున్నవారు మాస్కు పెట్టుకోవడం, సిబ్బంది ఎవరికి ఎంత దగ్గరగా వెళ్లాలి, పీపీఈ ఎక్కడ తొడగాలి, ఎక్కడ విప్పాలి వంటివన్నీ రోజూ తనిఖీ అయ్యేవి. 2021 మేలో భారత్ నుంచి తమ సొంత పౌరులు రావడాన్ని కూడా జైలుశిక్ష బెదిరింపుతో ఆస్ట్రేలియా నిషేధించి, రెండు వారాల తర్వాత సడలించినప్పుడు, ఢిల్లీ నుంచి వెళ్లిన తొలి విమానం దిగింది డార్విన్‌లోనే; ఆ ప్రయాణికులను ఉంచింది ఈ కేంద్రంలోనే. డెల్టా ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో కూడా అక్కడి నుంచి వైరస్ ఊళ్లోకి రాలేదు.

గాలి తర్వాత చెప్పుకోవాల్సింది పనివారి గురించి. మెల్‌బోర్న్ ఘటనపై నియమితమైన న్యాయవిచారణ సంఘం 2020 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో, ప్రైవేటు సెక్యూరిటీ వారిని పెట్టాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారో ఏ మంత్రీ, ఏ అధికారీ చెప్పలేకపోయారని నమోదు చేసింది. ఆ కాపలా పని ఒక సంస్థ నుంచి సబ్‌కాంట్రాక్టర్లకు, వారి నుంచి ఇంకా కిందికి జారింది. గార్డుల్లో చాలామంది రోజుకూలీ తరహాలో పనిచేసేవారు, జబ్బు సెలవు లేనివారు, ఒక చోట వచ్చే డబ్బు చాలక రెండో ఉద్యోగం చేసేవారు. వైరస్ ఎలా సోకుతుందో, మాస్కు ఎప్పుడు మార్చాలో వారికి ఇచ్చిన శిక్షణ అరకొర. అలాంటి వ్యక్తికి ఒళ్లు వేడెక్కితే అతను ఏం చేస్తాడు? ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకే పనికి వస్తాడు, సాయంత్రం రెండో పనికి కూడా వెళ్తాడు. గార్డులను నిందించిన పత్రికలు ఈ లెక్క చూడలేదు. క్వారంటైన్ కేంద్రంలో అత్యంత ప్రమాదకరమైన పని చేసేవారికి అత్యంత తక్కువ జీతం, అత్యంత తక్కువ భద్రత ఇచ్చిన వ్యవస్థ తన గోడలో తానే కన్నం పెట్టుకుంది. తర్వాత ఆ రాష్ట్రం సిబ్బంది అక్కడ ఒక్కచోటే పనిచేసేలా మార్చి, వారికి రోజూ పరీక్షలు చేయడం మొదలుపెట్టింది. ఒక రాష్ట్రం మొత్తం మూల్యం చెల్లించాక వచ్చిన మార్పు అది.

మన దేశంలో పరిస్థితి వేరు, కొరత వేరు. విదేశాల నుంచి వచ్చేవారికి 2020 మే నెలాఖరు నుంచి ఏడు రోజులు సొంత ఖర్చుతో హోటల్‌లో, మరో ఏడు రోజులు ఇంట్లో క్వారంటైన్ అన్న నియమం ఉండేది. డబ్బున్నవారికి గది దొరికింది. వలస కూలీలకు దొరికింది పాఠశాల, హాస్టల్, కల్యాణమండపం. మంచి ఉద్దేశంతోనే తెరిచిన ఆ భవనాల్లో అసలు సమస్య పడకల కంటే మరుగుదొడ్ల దగ్గర వచ్చింది. పగటిపూట చదువుకునే పిల్లల కోసం కట్టిన మరుగుదొడ్లు రాత్రింబవళ్లు నివసించే పెద్దలకు చాలవు. పొద్దున్నే అందరూ ఒకే వరుసలో నిలబడక తప్పదు. మంచాల మధ్య ఎంత దూరం పాటించినా ఆ వరుసలో అది వ్యర్థమవుతుంది. రైల్వే శాఖ 5 వేలకు పైగా బోగీలను ఐసొలేషన్ వార్డులుగా మార్చినా, ఎండల్లో ఇనుప పెట్టెల్లాంటి బోగీల్లో మనుషులను ఉంచడం కష్టమై వాటిలో అధికభాగం వాడుకలోకే రాలేదు.

తెలుగు రాష్ట్రాల సరిహద్దులో 2020 మార్చి చివరివారంలో జరిగింది మరో పాఠం. లాక్‌డౌన్ ప్రకటించాక హైదరాబాద్‌లోని హాస్టళ్లు ఖాళీ చేయాల్సి వచ్చిన విద్యార్థులు, ఉద్యోగులు పోలీసులిచ్చిన పాసులతో సొంతూళ్లకు బయల్దేరితే, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో వారిని ఆంధ్రప్రదేశ్ అధికారులు ఆపేశారు. లోపలికి రావాలంటే 14 రోజుల క్వారంటైన్‌కు ఒప్పుకోవాలన్నారు. కొందరు వెనక్కి తిరిగారు, కొందరిని నూజివీడు వంటి చోట్ల తెరిచిన కేంద్రాలకు పంపారు. రెండు ప్రభుత్వాల ఆదేశాల్లో దేనికదే సమర్థనీయంగా కనిపించవచ్చు. కానీ కేంద్రం సిద్ధం కాకముందే గీత గీస్తే, ఆ గీత దగ్గర జనం గుంపుగా గంటలకొద్దీ నిలబడతారు. వ్యాప్తికి అంతకంటే వీలైన చోటు ఉండదు. దీనికి భిన్నంగా, గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను ఏప్రిల్ నెలాఖరులో బస్సుల్లో వేల సంఖ్యలో తీసుకొచ్చినప్పుడు, ముందుగా ఎక్కడ ఉంచాలో నిర్ణయించుకుని, పరీక్షలు చేసి, ఆ తర్వాతే ఊళ్లకు పంపారు. కేంద్రం నుంచి బయటికి వెళ్లే పేదలకు తలా 2,000 రూపాయలు ఇవ్వాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయం చిన్నదిగా కనిపించవచ్చు. పోయిన పనిదినాలకు అది ఏమాత్రం సరిపోదు కూడా. కానీ క్వారంటైన్‌లో ఉన్న మనిషి తన కోసం కాకుండా ఊరి కోసం ఆగాడనీ, ఆ నష్టంలో కొంతైనా ఊరు భరించాలనీ ఒప్పుకున్న నిర్ణయం అది. ఈ సూత్రాన్ని ఇంకా బలంగా, కనీస వేతనం లెక్కన, చట్టంలోనే రాయాల్సింది.

అదే సంవత్సరం ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్‌లో తెల్లవారుజామున మంటలు లేచి 10 మంది చనిపోయారు. జబ్బు నుంచి కాపాడుకోవడానికి చేరినవారు మంటల్లో, పొగలో పోవడం కంటే విషాదం ఏముంటుంది? మనుషులను ఒక భవనంలో ఉండమని ఆదేశించడమంటే, ఆ భవనంలో వారికి జరిగే ప్రతిదానికీ బాధ్యత వహించడమే. అగ్నిమాపక శాఖ అనుమతి, వైరింగ్, రెండో మెట్లదారి, రాత్రి కాపలా వంటివాటిని అత్యవసరం పేరుతో పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఈ బాధ్యత గురించి మన చట్టం దాదాపు మౌనంగా ఉంది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ నిబంధనలు జారీ చేసింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు హడావుడిగా తెచ్చిన ఆ చట్టంలో మొదట ఉన్నవి నాలుగే సెక్షన్లు. మనుషులను తనిఖీ చేయడానికీ, వేరుచేయడానికీ ప్రభుత్వానికి అధికారం ఇస్తుంది, సదుద్దేశంతో పనిచేసిన అధికారికి రక్షణ ఇస్తుంది. వేరుచేసిన మనిషికి ఏం ఇవ్వాలో, ఎన్నాళ్లు ఉంచవచ్చో, అతను ఎవరికి మొరపెట్టుకోవాలో చెప్పదు. అలాంటి అధికారాన్ని ఎలా వాడారో పుణె చరిత్రలో ఉంది. 1897లో సైనికులు ఇళ్లలోకి చొరబడి, ఆడవారిని వీధిలో నిలబెట్టి తనిఖీ చేసి, అనుమానితులను శిబిరాలకు తరలించారు. ఆ ఆగ్రహమే జూన్ 22న ప్లేగు కమిషనర్ ర్యాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరపడానికి దారితీసింది. ప్రజారోగ్యం వైపు నుంచి చూసినా ఆ బలప్రయోగం నష్టమే చేసింది. శిబిరానికి భయపడిన కుటుంబాలు రోగులను అటకల మీద, పెరట్లలో దాచిపెట్టాయి, శవాలను రహస్యంగా పూడ్చాయి. ప్లేగు ఎలుకల మీది గోమార్ల ద్వారా పాకుతుందని ఆ తర్వాతి సంవత్సరాల్లో తేలింది. ఆ వెలుగులో చూస్తే, ఎలుకలు రాలిపడగానే ఊరు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకున్న దక్కన్ పల్లెల జనం తమంతట తాము చేసిన పని, సైన్యం చేసినదానికంటే శాస్త్రీయం.

2014లో లైబీరియా రాజధాని మన్రోవియాలో ఇది మళ్లీ జరిగింది. వెస్ట్ పాయింట్ అనే మురికివాడలో ఒక పాఠశాలలో ఎబోలా అనుమానితులను ఉంచితే, బయటి ప్రాంతాల రోగులను తమ మధ్యకు తెస్తున్నారని ఆగ్రహించిన జనం దాని మీద దాడి చేశారు, లోపలున్నవారు చెల్లాచెదురయ్యారు. ప్రభుత్వం వాడ మొత్తాన్ని సైన్యంతో దిగ్బంధించింది. కాల్పుల్లో ఒక బాలుడు చనిపోయాడు. పదిరోజుల్లోనే దిగ్బంధం ఎత్తేశారు. ఎబోలా అక్కడ తగ్గుముఖం పట్టింది తుపాకుల వల్ల కాదు; స్థానిక పెద్దలు, యువకులు ఇంటింటికీ తిరిగి రోగులను గుర్తించి, కాంటాక్టులకు ఇంట్లోనే ఆహారం అందేలా చూడడం వల్ల.

బలం వాడడం ఎంత తప్పో, పలుకుబడికి లొంగడం అంతే తప్పు. 1720 మేలో సిరియా తీరం నుంచి పట్టు, నూలు బట్టలతో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ చేరిన గ్రాన్ సేంట్ ఆంట్వాన్ ఓడలో దారిలోనే కొందరు చనిపోయారు. అలాంటి ఓడను దూరపు దీవి దగ్గర నిలపాలన్నది రివాజు. కానీ ఆ సరుకులో నగర పెద్దలకు వాటా ఉంది, కొద్ది వారాల్లో పెద్ద సంత ఉంది. నియమాలు సడలాయి, విలువైన బట్టలు క్వారంటైన్ కేంద్రం దాకా వచ్చి, అక్కడి నుంచి దొంగచాటుగా నగరంలోకి చేరాయి. మార్సెయ్‌లోనూ చుట్టుపక్కల ప్రాంతంలోనూ సుమారు లక్షమంది ప్లేగుతో చనిపోయారు. ఆ నగరానికి అప్పటికే యూరప్‌లోని మేలైన క్వారంటైన్ కేంద్రాల్లో ఒకటి ఉంది. ఒక్క మినహాయింపు దాన్ని నిరర్థకం చేసింది. ప్రముఖులు విదేశం నుంచి వచ్చి నేరుగా విందులకు వెళ్లిన వార్తలు 2020లో మనమూ చదివాం.

ఇన్ని వైఫల్యాల తర్వాత కూడా క్వారంటైన్ మీద నమ్మకం పెట్టుకోవడానికి ఆధారం పసిఫిక్ దీవుల చరిత్రలో దొరుకుతుంది. 1875లో ఫిజీ రాజు సిడ్నీ నుంచి డైడో అనే బ్రిటిష్ నౌకలో తిరిగొచ్చినప్పుడు ఆ ఓడలో తట్టు ఉంది. ఎవరినీ ఆపలేదు. కొద్ది నెలల్లో సుమారు 40 వేలమంది దీవివాసులు చనిపోయారు. జనాభాలో నాలుగో వంతుకు పైనే. నాలుగేళ్ల తర్వాత, 1879 మే 14న, కలకత్తా నుంచి తొలి భారతీయ కూలీలతో లియోనిడాస్ ఓడ కలరా, మశూచి మోసుకుని అదే తీరానికి చేరింది. ఈసారి అధికారులు ఓడను ఊరికి దూరంగా నిలిపి, కూలీలను ఒక చిన్న దీవిలో నెలల తరబడి ఉంచారు. అక్కడ కొందరు ప్రాణాలు కోల్పోయారు. దీవులకు మాత్రం ఆ రోగాలు పాకలేదు. 1903 తర్వాత మద్రాసు నుంచి బయల్దేరిన తెలుగువారు కూడా ఫిజీ నేల మీద మొదట దిగింది సువా ఎదుట నుకులావ్ అనే క్వారంటైన్ దీవిలోనే. ఆ క్వారంటైన్ ఫిజీని కాపాడింది. దాని భారం మోసింది ఒప్పంద కూలీలు. ఆ రెండు వాక్యాల్లో ఒకదాన్ని వదిలి మరొకదాన్ని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. 1918 నవంబరులో స్పానిష్ ఫ్లూ సోకిన ప్రయాణికులతో వచ్చిన టాలూన్ ఓడను పశ్చిమ సమోవా అడ్డు లేకుండా రానిచ్చి తన జనాభాలో అయిదో వంతును పోగొట్టుకుంది. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ పోయర్ ఓడలను కఠినంగా నియంత్రించడంతో ఒక్క మరణమూ సంభవించలేదు.

అయితే క్వారంటైన్‌కు కాలపరిమితి ఉంది. టీకా వచ్చేదాకా, ఆసుపత్రులు సిద్ధమయ్యేదాకా సమయం కొనడానికే అది ఉపయోగపడుతుంది. ఒమిక్రాన్ నాటికి పొదిగే కాలం మూడు రోజులకు పడిపోయింది; కాంటాక్టును గుర్తించి కేంద్రానికి చేర్చేలోపే అతను మరికొందరికి అంటించేస్తున్నాడు. ఊళ్లోనే లక్షల కేసులున్నప్పుడు విమానాశ్రయంలో పదిమందిని ఆపడంలో అర్థం ఉండదు. న్యూజిలాండ్‌లో గదులు చాలక సొంత పౌరులే స్వదేశానికి రావడానికి ఆన్‌లైన్ లాటరీలో తమ వంతు కోసం నెలలు వేచి ఉండాల్సి వచ్చింది. క్వారంటైన్ విధించడం సమర్థనీయమే అయినా, ఎవరి అవసరం ఎంత ఉందో చూడకుండా లాటరీ తీయడం 2021 చివరి నెలల్లో పౌరుల హక్కును భంగపరిచిందని అక్కడి హైకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. హొవార్డ్ స్ప్రింగ్స్ నమూనాలో మెల్‌బోర్న్ శివారు మికిల్‌హామ్‌లో ప్రభుత్వం ప్రత్యేకంగా కట్టిన కేంద్రం 2022 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అప్పటికి దాని అవసరం చాలావరకు తీరిపోయింది.

అందువల్ల ఇలాంటి కేంద్రాల గురించి ఆలోచించాల్సిన సమయం మహమ్మారి లేని ఈ రోజులే. హైదరాబాద్‌కు ఈ విషయంలో పాత అనుభవం ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దవారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే పిలుస్తారు; నిజాం కాలంలో అంటురోగుల కోసం ఊరి వెలుపల మొదలైన ఆ సంస్థ చుట్టూ ఊరు పెరిగిపోయింది. శంషాబాద్ విమానాశ్రయానికీ, విశాఖ, కృష్ణపట్నం రేవులకూ అందుబాటులో, తలుపు ఆరుబయటికి తెరుచుకునే ఒంటి అంతస్తు గదులతో చిన్న కేంద్రాలు కట్టి, మామూలు రోజుల్లో వాటిని శిక్షణ శిబిరాలకో, కార్మికుల వసతికో వాడుకోవచ్చు. కోస్తా పొడవునా ఉన్న తుపాను షెల్టర్లలో విడి గదులు, విడి మరుగుదొడ్లు చేర్చడం కొత్తగా కట్టడం కంటే చౌక. వాటితో పాటు చట్టంలో మూడు విషయాలు స్పష్టంగా రాయాలి: లోపలున్నవారికి ఆగిన ప్రతిరోజుకూ కూలి, గడువు మీద అభ్యంతరం వినే జిల్లా స్థాయి అధికారి, అక్కడ పనిచేసే పారిశుద్ధ్య కార్మికుడి నుంచి నర్సు దాకా అందరికీ జబ్బు సెలవుతో కూడిన పూర్తి జీతం. వీటిలో మూడోదానికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మెల్‌బోర్న్‌లో వైరస్ బయటికి వచ్చింది ఆ దారిలోనే కాబట్టి మొదలుపెట్టాల్సింది కూడా అక్కడి నుంచే.